మంచినీటి చెరువులో పచ్చని తెట్టు
(పర్చూరు ప్రాంతపు పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



మన ప్రాంతమున అనేక గ్రామములలో బావినీరు ఉప్పన. కృష్ణా కాలువ పారు దినములలో చెరువు నింపుకొని, వేసవి యంతయు ఆ నీటినే త్రాగుచున్నాము. ఎండలు ముదిరిన పిదప ఆ చెరువుపై పచ్చరంగు కలిపినట్లు తెట్టు లేచి, నీరు మట్టివాసన కొట్టుట మీలో పలువురు చూచియే యుందురు.

ఆ తెట్టు కంటికి కానరాని జీవుల గుంపు. దానిని నీలి ఆకుపచ్చ నాచు అందురు గాని, నిజమునకు అది బాక్టీరియా జాతికి చెందినది. అందు కొన్ని రకములు కాలేయమును చెరచు విషమును పుట్టించును. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సున ఇట్టి తెట్టు త్రాగి పశువులు చచ్చినట్లు 1878లోనే ప్రకటింపబడినది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరమున ఈ విషము కారణముగా కుళాయినీరు త్రాగరాదని లక్షలాది జనులను హెచ్చరింపవలసి వచ్చినది. నీరు కాచినను ఈ విషము పోదు.

ఎండ, నిలువనీరు, మేత కూడినచోట ఈ జీవులు విజృంభించును. నత్రజని, భాస్వరములే వాని మేత. ప్రత్తి, మిరప చేలలో వేసిన ఎరువు వానకు కొట్టుకొని వచ్చును. యాభై కిలోల డి.ఎ.పి. బస్తాలో సుమారు 10 కిలోల భాస్వరము కలదు. ఒక్క కిలో భాస్వరము వందలకొలది కిలోల పచ్చినాచును పెంచగలదు. గొడ్లను కడుగుట, బట్టలుతుకుట, వీధి మురుగు దీనికి తోడగును.

సముద్రపు చేపలను, పగడపు జీవులను గాజుతొట్లలో పెంచువారికిని ఇదే చిక్కు. మేత మిగిలినచో అడుగున ఎర్రని జిగురు పరచుకొనును. ఎన్నిమార్లు తీసినను మరల వచ్చును. మేత తగ్గించి, నీరు మార్చిననే అణగును. చెరువునకును ఇదే న్యాయము.

తెట్టు కనబడగానే మైలుతుత్తము చల్లుడని తొందరపెట్టువారుందురు. అట్లు చేసిన ఆ జీవులు పగిలి, లోని విషము నీటిలో కలియును. నీరు తేటపడినను విషము మిగులును. నాచు క్రుళ్లి, ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును.

కావున తెట్టు లేచిననాడు పశువులను, పిల్లలను దరిచేరనీయకుడు. గాలికి తెట్టు చేరిన గట్టువద్ద నీరు తోడక, తెట్టులేని చోట, పైపొరకు దిగువనుండి తీయుడు. నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షకు పంపి, ఫలితము తెలియువరకు త్రాగుటకు వేరు నీటిని ఏర్పాటు చేయుడు.

అంతకంటె ముఖ్యము ముందుచూపు. చెరువు నింపుటకు ముందే పూడిక తీయింపుడు. చేలనీరు, మురుగు చేరకుండ కట్టలు వేయింపుడు. గట్టు చుట్టును గడ్డి పెంపుడు. స్నానములు, ఉతుకుడు, పశువుల కడుగుడు నిషేధించుచు తీర్మానము చేయుడు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము త్రాగునీటి వనరులను కాపాడు అధికారమును మీకొసగినది.

రాబోవు పంచాయతీ సమావేశమున ఈ విషయమును మొదట చర్చింపుడు. కాలువకు నీరు వచ్చిన పిదప ఈ పనులకు వ్యవధి యుండదు.