పరామర్శకు వెళ్ళే మనల్ని ఎవరు పరామర్శించాలి?

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పంట రుణాల గురించి, పత్తి ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకున్నాం. ఈ చివరి గంట మన గురించి మాట్లాడుకుందాం. ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి వెళ్ళేది మనం. అప్పుల్లో కూరుకుపోయిన రైతు రాత్రిపూట ఫోన్ చేసేది మనకు. ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్న మన మనసు ఎట్లా ఉందన్న విషయం మాత్రం ఏ సమావేశం ఎజెండాలోనూ పెట్టుకోలేదు.

మా పరామర్శ బృందంలో ఐదుగురం. అందరం సేద్యం చేసేవాళ్ళమే. మా మీదా అప్పులున్నాయి, మా బోర్లూ ఎండుతున్నాయి. కిందటి వానాకాలంలో మాలో ఒక సహచరుడు సమావేశాలకు రావడం తగ్గించాడు. ఏదన్నా అడిగితే చిరాకుపడేవాడు. బాధిత కుటుంబాల దరఖాస్తులు అతని సంచిలోనే ఉండిపోయాయి. బద్ధకం పెరిగిందనుకున్నాం. కమిటీలో అందరి ముందూ నిలదీశాం. అతను మారు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు.

మరునాడు అతని భార్య మాలో ఒకరికి ఫోన్ చేసి, "అన్నా, రాత్రి ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని పండుకుంటున్నడు. మోగకపోయినా లేచి చూస్తున్నడు. అన్నం తింటలేడు. మీరన్నా అడుగుండ్రి" అన్నది.

అప్పుడు తెలిసింది. రెండు నెలల కింద ఒక కౌలు రైతు రాత్రి పదిన్నరకు అతనికి ఫోన్ చేశాడు. ఇతను నిద్రలో ఉన్నాడు. తెల్లారేసరికి ఆ రైతు ఆస్పత్రిలో ఉన్నాడు. అదృష్టం, బతికాడు. ఇప్పుడు మళ్ళీ సేద్యం చేసుకుంటున్నాడు. ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదన్న బాధ మాత్రం మా సహచరుణ్ని వదల్లేదు. అతను చెప్పుకోలేదు, మేము అడగలేదు. అడగకపోగా నిలదీశాం. ఆ తప్పు మాది.

పొలం పని అలసట రాత్రి నిద్రతో తీరుతుంది. ఈ అలసట అట్లా తీరదు. ఒక ఇంట్లో విన్న ఏడుపు చల్లారకముందే ఇంకో ఇంటికి వెళ్తాం. నిద్ర పట్టదు. చిన్న మాటకే ఇంట్లో పిల్లల మీద అరుస్తాం. కొందరు మందుకు అలవాటు పడతారు. కొన్నాళ్ళకు ఎవరి బాధ విన్నా ఏమీ అనిపించదు, "ఎంత చేసినా ఇంతే" అనిపిస్తుంది. దీన్ని బద్ధకమనీ, పిరికితనమనీ అనకండి. ఎక్కువ బరువు ఎక్కువ కాలం ఒంటరిగా మోసినందువల్ల వచ్చేదే ఇది.

ఇంకో మాట. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారమే 2022లో దేశంలో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో సగానికి పైగా వ్యవసాయ కూలీలు. గిట్టుబాటు కాని ధర, బ్యాంకు గడప ఎక్కనివ్వని కౌలు, ప్రైవేటు అప్పుల మిత్తి దీనికి వెనుక ఉన్నాయి. ఇవి ఒక కార్యకర్త ఫోన్ ఎత్తడంతో తీరేవి కావు. వీటి కోసం సంఘం పోరాడాలి. ఆ పోరాటం మొత్తం తన ఒక్కడి భుజం మీదే ఉందనుకున్న మనిషి నిలబడలేడు.

అందుకే మా బృందం కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది.

మొదటిది, బాధిత ఇంటికి ఒక్కరం వెళ్ళం. ఇద్దరం వెళ్తాం, వీలైతే ఒకరు మహిళ. తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర పావుగంట కూర్చుని, విన్నదంతా అక్కడే మాట్లాడుకుంటాం. ఇంటికి మోసుకుపోం.

రెండోది, ఫోన్‌కు వంతు. చెరువు కింద నీళ్ళకు వంతు పెట్టుకున్నట్టే వారానికి ఒకరం. వంతు లేనివాళ్ళు ఫోన్ పక్కన పెట్టి నిద్రపోవాలి.

మూడోది, మన చేతిలో లేనిదానికి మాట ఇవ్వం. తెలంగాణలో 2015 నాటి 194 జీవో కింద బాధిత కుటుంబానికి 6 లక్షలు రావాలి. అధికారుల కమిటీ విచారించి నిర్ధారిస్తేనే అది వస్తుంది. రైతుబీమా 5 లక్షలు పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ళ రైతుకే. పట్టా లేని కౌలు రైతు కుటుంబానికి అది లేదు. "డబ్బు ఇప్పిస్తాం చెల్లె" అని వచ్చి, తర్వాత ఆమె ముఖం చూడలేక తిరిగాం. ఇప్పుడు "కాగితాలు మేము రాస్తాం, ఆఫీసుకు నీతో వస్తాం" అంటున్నాం. ఇది చేయగలం.

నాలుగోది, అప్పు తెచ్చి ఇవ్వం. మాలో ఇద్దరు అట్లా ఇచ్చి తామే అప్పులపాలయ్యారు. సాయం సంఘం నిధి నుంచే జరగాలి.

ఐదోది, నెలవారీ సమావేశంలో మొదటి అరగంట మన బాగోగులకే. చెప్పిన మాట ఆ గది దాటకూడదు.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే భయపడి మాట మార్చకండి. "చావాలని ఆలోచన వస్తున్నదా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి, వేరేచోట తాళం వేయించండి. ప్రాణం మీదికొస్తే ఆలస్యం లేకుండా 108. టెలి మానస్ నంబరు 14416 రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కేసు అవుతుందని ఆస్పత్రికి వెళ్ళడానికి జంకేవాళ్ళకు చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ఆ 14416 మనకు కూడా. రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టరుకు చూపించుకుందాం. ఎడ్లకు జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తోలుకుపోతాం కదా, మన ఒంటికెందుకు వాయిదా?

మా సహచరుడి ఇంటికి అందరం వెళ్ళి తప్పు ఒప్పుకున్నాం. అతను రెండు నెలలు పనికి దూరంగా ఉన్నాడు, వైద్యం చేయించుకున్నాడు. ఇప్పుడు రాత్రి ఫోన్ వంతు అతనికి లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి ఫైళ్ళు కదిలించే పని చేస్తున్నాడు, మా అందరికంటే బాగా చేస్తున్నాడు. ఇవన్నీ అతను చెప్పమంటేనే చెబుతున్నాం.

చివరగా ఒక పని. ఇళ్ళకు బయలుదేరే ముందు మండలాలవారీగా కూర్చుని, వచ్చే నెల ఫోన్ వంతుల కాగితం రాసుకుని వెళ్దాం.