దుర్గాబాయి కట్టిన దారులు

జూలై 15న దుర్గాబాయి దేశ్‌ముఖ్ జయంతి. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టారామె. ఉప్పు సత్యాగ్రహం, రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, ఇవన్నీ మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. నేను వాటి జోలికి పోను. ఉన్న కొద్ది నిమిషాలూ చదువుకు దూరమైన ఆడపిల్లల కోసం ఆమె చేసిన పని గురించే చెబుతాను.

చాలామందికి దుర్గాబాయి అంటే టికెట్ లేదని నెహ్రూను ఆపిన అమ్మాయి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభ ద్వారం దగ్గర ఆపిందని చెప్పుకుంటారు. అది మహాసభ ద్వారం కాదండీ, పక్కనే పెట్టిన ఖద్దరు ప్రదర్శన ద్వారం. ఆ కథ నాకూ ఇష్టమే. అయితే అంతకన్నా గొప్ప సంగతి దాని వెనకే ఉంది. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసిన ఆ పిల్ల, అప్పటికే బాలికా హిందీ పాఠశాల పెట్టి ఆడవాళ్లకు హిందీ నేర్పుతోంది. పద్నాలుగేళ్ల పంతులమ్మ ముందు పెళ్లయి పిల్లలున్న తల్లులు పలక పట్టుకుని కూర్చున్నారు.

ఉప్పు సత్యాగ్రహం తెచ్చిన జైలు రోజులు గబగబా దాటేస్తాను. వేలూరు జైల్లో తోటి ఆడ ఖైదీలను దగ్గరగా చూశారామె. తమ మీద పెట్టిన కేసేమిటో తెలియని వాళ్లు, నోరు విప్పి తమ తరఫున రెండు మాటలు చెప్పుకోలేని వాళ్లు అందులో ఎందరో. లాయరు కావాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. మధురై జైల్లో ఏకాంత ఖైదు ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. బయటికొచ్చాక, తోటివాళ్లు డిగ్రీలు పూర్తిచేసే వయసులో, మెట్రిక్ దగ్గర మొదలుపెట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షను అప్పట్లో బడికి వెళ్లకుండా ప్రైవేటుగా రాయనిచ్చేవారు. ఆ దారి పట్టుకున్నారు.

ఇక నాకెంతో ఇష్టమైన ఘట్టం. దీనికి మాత్రం తొందరపడను. రాజనీతి శాస్త్రంలో ఆనర్స్ చదవాలని ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, సీటు ఇవ్వలేం అన్నారాయన. రెడ్డిగారు చదువుకు అడ్డుపడే మనిషి కారు. వాల్తేరులో ఆడపిల్లలు ఎక్కడ ఉంటారన్నది ఆయనకున్న బెంగ. ఇంకెవరైనా అయితే బతిమాలుకునేవారు, లేదా దండం పెట్టి వెనక్కి వచ్చేవారు. దుర్గాబాయి పత్రికల్లో ప్రకటన వేయించారు: హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఉంటే రాయండి అని. రాశారు! ఎక్కడెక్కడి నుంచో అమ్మాయిలు వచ్చారు. అందరూ కలిసి ఒక చోట చేరి తామే హాస్టల్ నడుపుకున్నారు. ఇక కాదనడానికి ఏముంది? సీటు వచ్చింది, ఆమె ఒక్కరికే కాదు, ఆ వచ్చిన వాళ్లకూ.

ఆ తర్వాత నలభై ఏళ్లు ఆమె చేసిన పనంతా నాకు ఈ ఘట్టంలోనే కనిపిస్తుంది. ఈ పిల్ల ఎందుకు చదవలేదని తప్పు పట్టే అలవాటు ఆమెకు లేదు. ఏది అడ్డొచ్చిందో చూసేవారు, ముందు దాన్ని తీసేసే పని మొదలుపెట్టేవారు.

ఆంధ్ర మహిళా సభ కూడా అలా పుట్టిందే. పేరును బట్టి మన జిల్లాల్లో ఎక్కడో పుట్టిందనుకుంటారు. కాదు, మద్రాసు మైలాపూరులో 1937లో, చుట్టుపక్కల చిన్నపిల్లలను పోగుచేసి ఆటపాటలు నేర్పే బృందంగా మొదలైంది. పిల్లల వెంట తల్లులు, అక్కలు, మేనత్తలు వచ్చారు. వాళ్లలో చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లున్నారు, భర్త వదిలేసినవాళ్లున్నారు. నాలుగో తరగతో ఐదో తరగతో చదివి ఆగిపోయినవాళ్లు. వాళ్లను ఏ హైస్కూలు చేర్చుకుంటుంది? తాను నడిచొచ్చిన బెనారస్ మెట్రిక్ దారినే వాళ్లకూ చూపించారామె. కోచింగు క్లాసులు పెట్టారు, పరీక్షకు కూర్చోబెట్టారు. పాసైన వాళ్లు నర్సులయ్యారు, టీచర్లయ్యారు.

ఈ మైలాపూరు తరగతి గదే తర్వాత దేశమంతటికీ పాకింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే. పల్లెల్లో పనిచేయడానికి గ్రామసేవికలు కావాలి, మంత్రసానులకు శిక్షణ ఇచ్చే నర్సులు కావాలి, చదువుకున్న ఆడవాళ్లు దొరకరు. అందుకే 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. ఏళ్ల తరబడి చదవాల్సినదాన్ని రెండేళ్లలో చెప్పి వయోజన స్త్రీలను పరీక్షకు పంపే ఏర్పాటు అది. ఆ ఏడాదే స్త్రీ విద్యపై జాతీయ సంఘం ఆమె అధ్యక్షతన పనిచేసింది, 1959లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక మీద ఒక ప్రసంగమే చేయవచ్చు. ఇవాళ సమయం లేదు.

వికలాంగ బాలికల సంగతి చెప్పకుండా ముగించలేను. మా వీధిలో నా ఈడు అమ్మాయి ఒకర్తె ఉండేది. రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఎడమ కాలికి రెండు వైపులా ఇనుప కడ్డీలు, మోకాలి దగ్గర తోలు పట్టీ, కింద బరువైన బూటు. ఆ కాలిపర్స్ చప్పుడు వినగానే ఆమె వస్తోందని తెలిసేది. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. తొమ్మిదో తరగతి గది మేడ మీదికి మార్చారు. ఇరవై మెట్లు. ఆ గదిని కిందికి మార్చాలని బడిలో ఎవరికీ తోచలేదు. దసరా సెలవుల తర్వాత ఆమె రాలేదు.

మద్రాసు అడయారులో మహిళా సభ ఆసుపత్రి ఆవరణలో ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రం ఉంది. దాని గురించి తెలుసుకున్నప్పుడల్లా నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది. పిల్ల ఎదిగే కొద్దీ కాలిపర్స్ పొట్టివైపోతాయి. మళ్లీ కొలతలు తీసి కొత్తవి చేయించాలి, లేకపోతే నడక పాడవుతుంది. ఒకసారి ఆపరేషన్ చేసి ఇంటికి పంపేస్తే తీరే పని కాదది. అందుకే ఆ పిల్లలకు డాక్టరుతో పాటు ఫిజియోథెరపీ కావాలి, కాలిపర్స్ చేసే మనిషి కావాలి, చదువు కావాలి. అలాగే అంధుల సహాయక సంఘం అధ్యక్షురాలిగా దుర్గాబాయి అంధులకు హాస్టల్‌తో కూడిన బడి పెట్టించారు, చిన్న యంత్రాల మీద పని నేర్పే వర్క్‌షాపూ పెట్టించారు. చూపు లేనివాళ్లకు కుర్చీల అల్లికే గతి అనుకునే రోజుల్లో! ఆమెకు వచ్చిన పద్మవిభూషణ్ కన్నా నేను ఆ వర్క్‌షాపునే పెద్దగా చూస్తాను.

1981 మే 9న ఆమె కన్నుమూశారు.

ఒక్క మనవి చేసి ముగిస్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. బడి మానేసిన పెద్ద పిల్లలకు ఓపెన్ స్కూలు ఉంది. మీ వీధిలో చదువు ఆగిపోయిన ఆడపిల్ల ఉంటే, ఆ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ఈ వారంలోనే మండల విద్యాధికారి కార్యాలయానికి వెళ్లండి. బడిలో తరగతి మేడ మీద ఉంటే, కిందికి మార్చమని హెడ్మాస్టరుగారిని అడగండి.