పాత కారు కొనుటకు ముందు

సంతలో ఎద్దును కొనునప్పుడు మన పెద్దలు నోరు తెరచి పళ్లు చూచెడివారు, సుడులు చూచెడివారు, నాలుగడుగులు నడిపించి చూచెడివారు. అంతకన్న ముందుగా, అమ్మువాడు ఏ ఊరివాడు, ఆ ఎద్దు అతని కొట్టములో ఎన్నాళ్లుగా ఉన్నది అని విచారించెడివారు. ఎద్దు మంచిదే కావచ్చును. కాని అది అమ్మువానిది కాకపోయినచో, సొంతదారు వచ్చి పలుపు పట్టుకొనునని వారెరుగుదురు.

నేడు మన వాకిండ్లలో ఎద్దుల బండికి బదులు మోటారు కారు నిలిచినది. కొత్త కారు కొనలేని కుటుంబములు, ఒకరు వాడిన కారును కొనుచున్నవి. అది మంచి పొదుపే. అయితే మనము ఇంజను చప్పుడు విందుము, రంగు చూతుము, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదని అడుగుదుము. ఈ కారు నిజముగా ఇతనిదేనా అని మాత్రము అడుగము. ఆ ఒక్క ప్రశ్నను గురించియే ఇప్పుడు కొంత ముచ్చటించుకొందము.

ఒక ఉపాధ్యాయుడు భవిష్యనిధి నుండి కొంత, ఇంటిలోని నగలు కుదువపెట్టి కొంత తెచ్చి ఒక కారు కొనెననుకొందము. ఆరు నెలల తరువాత పోలీసులు వచ్చి, అది వేరొక పట్టణములో దొంగిలింపబడిన కారని చెప్పి తీసికొనిపోయిరి. అతడు నిర్దోషి, సొమ్ము ఇచ్చి, కాగితము పుచ్చుకొన్నవాడు. అయినను కారు అతనికి దక్కదు. 1930వ సంవత్సరపు వస్తు విక్రయ చట్టములోని 27వ సెక్షను ప్రకారము, అమ్మువానికి లేని హక్కు కొనువానికి రాదు. ఈ సూత్రమునకు కొన్ని మినహాయింపులున్నను, దొంగసొత్తు విషయములో అవి సామాన్యముగా అక్కరకు రావు. కారు దాని సొంతదారునకో, అతనికి పరిహారమిచ్చిన బీమా కంపెనీకో చేరును. కొన్నవాడు తన సొమ్ముకొరకు అమ్మినవానిపై దావా వేయవచ్చును. కాని ఆ అమ్మినవాడు దొరకవలెను గదా!

మరియొక సంగతి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము, దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు కారణముండియో, కపటబుద్ధితో దానిని పుచ్చుకొనుట నేరము. నిజాయితీపరునికి ఈ సెక్షనువలన భయము లేదు. కాని 8 లక్షలు చేయు కారును, సరియైన కాగితములు లేకుండ, 3 లక్షలకు కొన్నవాడు తనకు అనుమానమే కలుగలేదన్నచో ఎవరు నమ్ముదురు?

దొంగ కారు మన వాకిటి వరకు ఎట్లు వచ్చును? కొందరు నంబరు పలకను మార్చి, దానికి తగినట్లు దొంగ రిజిస్ట్రేషన్ పత్రమును తయారుచేయుదురు. కొందరు తాము నడుపుకొందుమని కారును అద్దెకు తెచ్చి, దానినే అమ్మివేయుదురు. అన్నిటికన్న నేర్పైన మార్గము వేరొకటి కలదు. ప్రమాదములో నుజ్జునుజ్జయిన కారును తుక్కు ధరకు, కాగితములతో సహా కొందురు. అదే రకపు, అదే రంగు కారును దొంగిలించి, తుక్కు కారు అంకెలను దానిపై చెక్కుదురు. అప్పుడు పత్రము నిజమైనదే. కారు మాత్రము దొంగది.

కావున పత్రమొక్కటి చూచి తృప్తిపడరాదు. కారు మీది అంకె, పత్రము మీది అంకె, ప్రభుత్వపు నమోదులోని అంకె, ఈ మూడును కలియవలెను. ఇది మొదటి సూత్రము.

నేటి కార్ల ఛాసిస్ నంబరులో 17 అక్షరములు, అంకెలు కలిసియుండును. ఇంగ్లీషు అక్షరములలో ఐ, ఓ, క్యూ అనునవి ఇందులో వాడరు. అవి ఒకటి, సున్న అంకెలవలె కనిపించునని భయము. ఆ మూడింటిలో ఏది కనిపించినను అనుమానింపవలెను. ఈ నంబరు కారు శరీరపు రేకు మీదనే చెక్కబడియుండును. పగటి వెలుతురులో దానిని చూడుడు. అంకెలు వరుస తప్పినను, చుట్టును ఆకురాయితో రాచిన గీతలున్నను, అతుకు వేసిన జాడ ఉన్నను, అక్కడ మాత్రమే కొత్త రంగున్నను బేరము ఆపుడు. చాల కొత్త కార్లలో ఈ నంబరు లోపలి కంప్యూటరులో కూడ ఉండును. కంపెనీవారి సర్వీసు కేంద్రములో దానిని చదివించి చూడవచ్చును. రేకు మీది అంకెను మార్చినవాడు దీనిని మార్చియుండకపోవచ్చును. ఆ కారు పూర్వపు మరమ్మతుల చరిత్రయు అక్కడనే తెలియును.

తరువాత ప్రభుత్వపు నమోదు. కేంద్ర ప్రభుత్వపు 'వాహన్' నమోదులోగాని, ఆయా రాష్ట్ర రవాణా శాఖవారి నమోదులోగాని కారు వివరములు, దానిపై అప్పున్నదా లేదా అను సంగతి చూచుకొనవలెను. దొంగిలింపబడిన వాహనముల జాబితాను జాతీయ నేర నమోదుల బ్యూరోవారు నిర్వహించుచున్నారు. నంబర్లనిచ్చి అందులో వెదకుకొను సౌకర్యము పౌరులకు కలదు. అయితే జాబితాలో లేనంతమాత్రమున కారు మంచిదని అనుకొనరాదు. నిన్న రాత్రి పోయిన కారు ఇంకను జాబితాకెక్కి ఉండకపోవచ్చును. తుక్కు కారు అంకెలు తగిలించుకొన్న దొంగ కారు అందులో దొరకనే దొరకదు. ఏలయన ఆ తుక్కు కారును ఎవరును దొంగిలింపలేదు. అందుచేతనే రేకు మీది అంకెను కన్నులార చూడుడని చెప్పుచున్నాము.

పొరుగు రాష్ట్రపు కారైనచో నిరాక్షేపణ పత్రము అడుగవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 48వ సెక్షను ప్రకారము, ఆ పత్రమిచ్చుటకు ముందు రవాణా అధికారి, ఆ వాహనముపై దొంగతనపు కేసు లేదని పోలీసులనుండి వ్రాతపూర్వకమైన నివేదిక తెప్పించుకొనవలెను. "పత్రము తరువాత పంపుదును, ముందు కారు తీసికొనిపొండు" అనువానికి నమస్కారము పెట్టి తిరిగివచ్చుట మేలు.

ఇక మనిషి సంగతి. పత్రములో ఎవరి పేరున్నదో వారిని వారి ఇంటనే కలిసికొనుడు. దళారి మాటయే చాలుననుకొనకుడు. పత్రము నకలు ప్రతి అయినచో అసలు ఏమైనదో అడుగుడు. తాళపు చెవులు రెండును ఉన్నవా అని అడుగుడు. సొమ్మును బ్యాంకు ద్వారా, పత్రములోనున్న వ్యక్తి ఖాతాకే చెల్లింపుడు. అన్నియు సరిచూచువరకు పెద్ద బయానా ఇయ్యకుడు. ఒకే రాష్ట్రములోనైనచో అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో బదిలీ సంగతి రవాణా శాఖకు తెలుపవలెను. వ్యాపారి వద్ద కొనుచున్నచో అతని అధికార పత్రమును చూపుమనుడు. పాత వాహనముల వ్యాపారులు రవాణా శాఖనుండి దానిని పొందవలెనను నియమము 2023 ఏప్రిల్ 1 నుండి ఉన్నది.

ఇంత జాగ్రత్తపడినను, కొన్న తరువాత అనుమానము కలిగినచో ఏమి చేయవలెను? చేతికంటిన మసిని మరొకరికి పూయువిధముగా, ఆ కారును వేరొకరికి అమ్మివేయుద మను ఆలోచన రానీయరాదు. ఉపాధ్యాయునికి జరిగినదే మరొక ఇంట జరుగును. తెలిసి అమ్మినవారు నేరమునకును పాలుపడుదురు. రశీదులు, బ్యాంకు కాగితములు తీసికొని పోలీసులవద్దకు పోవుటయే మార్గము. నష్టము తప్పకపోవచ్చును, కాని మన నిజాయితీకి ఆ కాగితములే సాక్ష్యము.

ఈ పరిశీలన అంతయు రెండు మూడు దినముల పని. "ఇంకొకరు వచ్చి ఎక్కువ ఇచ్చి తీసికొనిపోవుదురు" అని అమ్మువాడు తొందర పెట్టవచ్చును. పోనిండు. కారు మరొకటి దొరకును. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అంత త్వరగా దొరకదు. కొనువారందరును రేకు మీది అంకెను చదువుట నేర్చుకొన్ననాడు, దొంగకు కారు దొరకినను సంత దొరకదు. అప్పుడు మన సొమ్ముతోపాటు, మనమెరుగని మరొక ఇంటివారి కారును కూడ కాపాడినవారమగుదుము.