ఒకే పేరు, ఇద్దరు ఘనులు

మా బడి హాజరుపట్టీలో జాకిర్ హుస్సేన్‌లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. పిలిస్తే అందరూ "హాజిర్ సాబ్" అంటారు.

డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు 1897లో మన హైదరాబాదులోనే పుట్టారు. బెర్లిన్‌లో డాక్టరేటు పొంది వచ్చి, 29వ ఏట జామియా మిల్లియా భారం నెత్తికెత్తుకుని 22 ఏళ్ళు మోశారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు. తబలా ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ గారు 1951లో బొంబాయిలో పుట్టి, పసితనంనుంచే తండ్రి అల్లారఖా దగ్గర నేర్చుకున్నారు. 2024 ఫిబ్రవరిలో ఒకేసారి మూడు గ్రామీ అవార్డులందుకుని, ఆ డిసెంబరులో కన్నుమూశారు.

ఇద్దరి వెనుకా ఏళ్ళ తరబడి శ్రమ ఉంది. పేరైతే ఖర్చులేకుండా పెట్టేస్తాం. అదే పిల్లవాణ్ణి ఏడో తరగతిలో మాన్పించి మెకానిక్ షెడ్డుకు పంపితే ఎట్లా? పదో తరగతి దాకానైనా హాజరుపట్టీలో ఆ పేరు కొట్టివేయించకండి. ఇదే మా మనవి.