పట్నం మన ఊరి దాకా వచ్చినంక
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, రికవరీ శాతం మన కోశాధికారి అక్క ఇప్పుడే చదివింది. నేను ఆ అప్పుల వెనక ఉన్న ఇంకో లెక్క చెప్తా. ఈ ఏడాది మా గ్రామ సంఘానికి పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి చాలా రోజులు మాతో తిరిగింది. హైదరాబాద్ పెరుగుతుంటే చుట్టూ ఉన్న ఊర్లల్ల భూమి, నీళ్లు, పశువులు, మనుషుల పని ఎట్లా మారుతున్నయి అన్నది ఆమె పరిశోధన. మొదటి రోజు ఎవ్వరూ నోరు తెరవలేదు. ప్లాట్ల కంపెనీ మనిషి అనుకున్నరు కొందరు, పింఛన్ల సర్వే అనుకున్నరు ఇంకొందరు.

ఆమె ఆదాయం ఎంత, భూమి ఎంత అని అడగలేదు. బతుకమ్మకు పువ్వు ఎక్కడ కోస్తరు అని అడిగింది. ఇగ అందరం ఒక్కసారే మాట్లాడినం. తంగేడు గుట్ట మీద ఉండేది, గునుగు చెల్కల్ల ఉండేది. గుట్టను కంకర మిషన్ తిన్నది, చెల్కల్ల హద్దురాళ్లు నాటిన్రు. ఇప్పుడు గునుగు కట్ట, తంగేడు కట్ట పైసలు పెట్టి కొంటున్నం.

తర్వాత గ్రామ సంఘం బిల్డింగ్ ముందర ముగ్గుపిండితో మాతోనే ఊరి పటం వేయించింది. దాన్ని లాప్‌టాప్‌ల ఉన్న ఉపగ్రహం ఫొటోలతో పోల్చి చూపించింది. పాత ఫొటోల పై ఊరి చెరువు అలుగు నుంచి మా చెరువు దాకా సన్నటి గీత ఉన్నది. అది మా వరద కాలువ. కొత్త ఫొటోల ఆ గీత నడుమ తెగిపోయింది, దాని మీద వెంచర్ రోడ్డు ఉన్నది. మనవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండి అలుగు పారితేనే కిందిదానికి నీళ్లు. నడుమ కాలువ పూడిస్తే కింద చెరువు ఎండుతది, ఆ నీళ్లు ఇంకెవరి ఇండ్లల్లకో పోతయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ల కాలనీలు మునిగింది టీవీల అందరం చూసినం. అండ్ల చాలా కాలనీలు చెరువుల కింద, నాలాల పక్కన ఉన్నయే.

పట్నం నీళ్ల కథ కూడా ఆమె చెప్పింది. 1908ల మూసీ వరద వచ్చి వేల మంది చనిపోయినంక 1920ల ఉస్మాన్ సాగర్, 1927ల హిమాయత్ సాగర్ కట్టిన్రు. పట్నం పెరిగితే అవి సాలలేదు. మంజీర వచ్చింది, తర్వాత నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు పైపులల్ల తెచ్చుకున్నరు. వాడినంక ఆ నీళ్లు మళ్ల మూసీలనే పడి కింది ఊర్లకు వస్తయి. అక్కడ వరి దిగుబడి తగ్గి చాలా మంది పశువుల గడ్డి, ఆకుకూరలు పెంచుతున్నరు. ఆ గడ్డి పట్నం డెయిరీలకే పోతది. అంటే పట్నం తాగిన నీళ్లే పాలయి మళ్ల పట్నానికి పోతున్నయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996ల 111 జీవో వచ్చింది. 2022ల ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చిన్రు. పట్నానికే నీళ్లిచ్చిన చెరువుల గతి ఇట్లుంటే, మా ఊరి చెరువును ఎవరు అడుగుతరు?

ఇగ మన సంఘం లెక్కకు వస్త. మా గ్రామ సంఘంల ఒక అక్క స్త్రీనిధి అప్పుతో బర్రెను కొన్నది. చెరువు శిఖంల మేపుడు పోయింది. వరిగడ్డి కొనాలె, దాణా కొనాలె. పాల పైసలు వాటికే సరి. కిస్తీ కట్టెటందుకు ఆమె పొద్దున వెంచర్‌ల ఊడ్వబోతది. మన రిపోర్టుల మాత్రం బర్రె యూనిట్ నడుస్తున్నది, రికవరీ పూర్తి అని ఉంటది. రెండూ నిజమే, కానీ ఆమె బతుకు అండ్ల ఎక్కడా కనపడదు.

భూమి అమ్మినోళ్లను నేను తప్పు పట్ట. బోరు ఎండి, బిడ్డ పెండ్లి ముందర పెట్టుకొని, ఎకరానికి వాళ్లు చెప్పే ధర విన్నంక ఎవరు ఆగుతరు? కానీ పట్టా చాలా ఇండ్లల్ల మొగోళ్ల పేరు మీదనే ఉంటది, పైసలు వాళ్ల ఖాతాలనే పడ్తయి. నాటేసే పని, కలుపు తీసే పని, పత్తి ఏరే పని పోయింది మాకు. భూమి లేనోళ్లకైతే అమ్ముకునెటందుకు కూడా ఏం లేదు. పట్నంతోని మంచి ఏం రాలేదని అనను. మా ఆడపిల్లలు బస్సెక్కి కాలేజీకి పోయి పొద్దుగూకకముందే ఇల్లు చేరుతున్నరు. మా కాలంల అది లేదు, నా చదువు పదో తరగతి కాడ ఆగింది.

ఆఖరి రోజు ఒక పెద్దమ్మ ఆ అమ్మాయిని సూటిగా అడిగింది. "నువ్వు రాసి డాక్టర్ అయితవు బిడ్డా, మాకేమొస్తది?" నా పుస్తకంతోని కాలువ తెరుచుకోదు పెద్దమ్మా అని ఆమె ఉన్నమాట చెప్పింది. ఎవరి పేరూ రాయనన్నది. రాసినదాని సారం తెలుగుల ఇయ్యాలె, పటం నకలు ఇయ్యాలె అని మేం పట్టుబట్టినం. పటం ఇచ్చింది. తెలుగు కాగితం ఇంకా రావాలె, అడుగుతనే ఉన్న.

ఆ పటం పట్టుకొని మేం గ్రామ సంఘంల తీర్మానం రాసినం. చెరువు ఎఫ్‌టీఎల్ పటం, శిఖం సర్వే నంబర్లు, వరద కాలువ నక్ష కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినం. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. తెల్ల కార్డు ఉన్నోళ్లకు ఫీజు లేదు. 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీ వదలాలని రూల్ ఉన్నది. జవాబు వచ్చింది గానీ, దాంట్ల చెరువు ఉన్నది, కాలువ లేదు. పాత గ్రామ నక్షల కాలువ ఉన్నది. అందుకని అప్పీలు వేసినం.

సమాఖ్యను రెండు అడుగుతున్న. బర్రెల యూనిట్‌కు సంతకం పెట్టేముందు గడ్డి, నీళ్లు ఎక్కడివో రాసే గడి ఒకటి ఫారంల పెట్టాలె. ఇంకోటి, మా పైన ఉన్న ఊర్ల గ్రామ సంఘాలు కూడా ఇదే తీర్మానం చెయ్యాలె. కాలువ మా ఊర్ల మొదలు కాదు, మేం ఒక్కళ్లం అడిగితే సగం కాలువనే అడిగినట్టు.

పటం నకలు ఇయ్యాల తెచ్చిన. భోజనాలప్పుడు రిజిస్ట్రేషన్ బల్ల మీద పరుస్త. పై ఊర్ల అక్కలు వచ్చి మీ చెరువు అలుగు ఎక్కడున్నదో గుర్తు పెట్టి పోవాలె. పెన్సిల్ అక్కడనే ఉంటది.