డిగ్రీ తరువాత ఏడో తరగతి లెక్కలు
వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



మన ఇళ్ళలో బి.ఏ., బి.కాం. పూర్తి చేసిన పిల్లలు ఎం.బి.ఏ. కోసం ఐసెట్ రాస్తున్నారు. సంతోషమే. కానీ లెక్కల మాట వచ్చేసరికి ముఖాలు వాడిపోతున్నాయి. చాలామంది పదో తరగతితోనే లెక్కలు వదిలేశారు, ఐదేళ్ళు దాటింది మరి. మన ఆడపిల్లలు కొందరైతే "మాకు లెక్కలు రావు" అని దరఖాస్తే పెట్టడం లేదు. ఈ మాట మమ్మల్ని బాధిస్తున్నది. రాకపోవడం వేరు, మరచిపోవడం వేరు.

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లన్నమాట. క్యాలిక్యులేటర్ ఉండదు. తప్పుకు మార్కులు కొయ్యరు, అదొక్కటి మేలు. ఏడు ఎనిమిదులు ఎంత అని వేళ్ళు లెక్కపెట్టుకునేవాడికి 45 సెకన్లు ఏ మూలకు? అందుకని మొదటి నెల మోడల్ పేపర్లు ముట్టుకోవద్దంటాం. 20 వరకు పహాడే, భిన్నాలు, క.సా.గు., శాతాలు, నిష్పత్తులు, ఇవే చేయండి. కోచింగ్ వాళ్ళ షార్ట్‌కట్లు ఆ తరువాత చూసుకోవచ్చు.

ఒక లెక్క చూడండి. ఒక పనిని ఒకరు 12 రోజుల్లో, ఇంకొకరు 6 రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిస్తే ఎన్ని రోజులు? 12, 6 కలిపి సగం చేసి 9 అనేవాళ్ళున్నారు. ఒక్కడే 6 రోజుల్లో చేసే పనికి, తోడు వస్తే 9 రోజులా! పనిని 12 భాగాలు చేయండి. మొదటివారు రోజుకు 1 భాగం, రెండోవారు 2, కలిసి 3. నాలుగు రోజుల్లో సరి. ఆ 12 ఎక్కడిది? 12, 6ల క.సా.గు. పేరుకు 'కాలము-పని' గానీ లోపల ఉన్నది చిన్న తరగతి లెక్కే.

శాతాలూ ఇంతే. 100 రూపాయల సరుకు మీద 20 శాతం పెంచి, మళ్ళీ 20 శాతం తగ్గిస్తే 100కే వస్తుందనుకుంటారు. 120లో 20 శాతం 24, మిగిలేది 96. శాతమనగానే 'దేని మీద?' అని అడగాలి.

ఉర్దూ మీడియం పిల్లలకు ఇంకొక చిక్కున్నది. 'జు అజాఫె అఖల్' అంటే చేసేస్తారు, 'ఎల్.సి.ఎం.' అంటే ఆగిపోతారు. రెండూ ఒకటే. కసర్ అంటే ఫ్రాక్షన్, ఫీసద్ అంటే పర్సెంట్. ఈ మాటలు పక్కపక్కన ఒక నోటుబుక్కులో రాసుకోండి, నాలుగు పేజీలు మించవు. మన దాదీలు, నానీలు సవ్వా, డేఢ్, ఢాయి అంటూ బజారు లెక్కలు నోటితో తేల్చేవారు. అవి భిన్నాలు కాక మరేమిటి? పావు అంటే 25 శాతం, అందులో సగం పన్నెండున్నర, అంటే ఎనిమిదో వంతు. 640లో పన్నెండున్నర శాతానికి కాగితం దేనికి? 80.

రోజుకు గంట చాలు. తప్పు పోయిన లెక్కను దిద్దుకుని, మూడో రోజున చూడకుండా మళ్ళీ చేయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. డిగ్రీ చదివిన అమ్మాయి తమ్ముడి ఏడో తరగతి పుస్తకం పట్టుకుని కూర్చుంటే నవ్వకండి. ఆ గంట సేపు ఆమెను వంటింట్లోకి పిలవకండి.