కృష్ణదేవిపేట సమాధుల దగ్గర

తాండవ ఏటి దగ్గరి కృష్ణదేవిపేటకు ఈమధ్య వెళ్లొచ్చాను. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపిన అల్లూరి సీతారామరాజును అక్కడే దహనం చేశారు. ఆయన సమాధితో పాటు మన గాం గంటందొర సమాధీ అక్కడే ఉంది. వచ్చినవాళ్లు రాజుగారి దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతున్నారు. "గంటందొర ఎవరు?" అని నా వెంట వచ్చిన పిల్లవాడు అడిగితే సిగ్గేసింది. తప్పు వాడిది కాదు, చెప్పని మాది.

1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి నడిచింది మన మన్యం వాళ్లే. పోడు ఆపి, రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వక కడుపు కొట్టినందుకు కదిలారు. వాళ్లలో చాలామందికి సమాధి లేదు. మీ ఊరి ముసలివాళ్లను అడగండి. పేర్లు రాసిపెట్టండి. వాళ్లు పోతే ఆ పేర్లూ పోతాయి.